హోరులో దాచిన మాట

ఏదైనా వినేముందు తారామణి ఎడమ చెవి కమ్మను రెండు వేళ్లతో పట్టుకుంటుంది. వాకిట్లో ఎవరైనా పిలిచినా, కుక్కర్ కూత తమ ఇంట్లోదో పక్కింట్లోదో తెలియకపోయినా, మొదట చెయ్యి చెవి దగ్గరికి పోతుంది. పనిచేసే చోట హెడ్‌ఫోను కమ్మను నొక్కి నొప్పి పెడుతుంది. అందుకని కమ్మను పక్కకు జరిపి హెడ్‌ఫోను పెట్టుకుంటుంది. ఇంట్లో హెడ్‌ఫోను లేదు. చెయ్యికి ఆ సంగతి తెలియదు.

"జరుపు, ఇంక జర జరుపు. ఢిల్లీ స్టేషన్ తగులుతదేమో" అంటాడు భర్త రామస్వామి.

ఆమె నవ్వదు. వింటుంది.

తారామణి భయస్తురాలు. ఆ మాట ఆమె ఎదుటే అంటారు, ఆమె కాదనదు. లిఫ్టు ఎక్కదు. కుక్క కనబడితే గల్లీ మారుస్తుంది. పోస్టు వచ్చిందని అరిస్తే లేచి నిలబడుతుంది. పుట్టింది నాగారంలో, అక్కడ ఇన్ని ఇళ్లు లేనప్పుడు. తండ్రి కోళ్లఫారంలో కాపలా ఉండేవాడు. పామో అడవిపిల్లో లోపలికి దూరితే కోళ్లన్నీ ఒక్కసారిగా అరిచేవి. రేకుల కప్పు కింద ఆ అరుపు గోడలా నిలబడేది. తండ్రి టార్చి తీసుకుని లోపలికి పోయేవాడు. పిల్ల తలుపు దగ్గర నిలబడి ఆ అరుపులో తండ్రి గొంతు కోసం వెతికేది. దొరికేదాకా ఊపిరి తీసుకునేది కాదు.

పది పాసయ్యాక ఏఎస్ రావు నగర్‌లో ఒక టీవీ రిపేరు షాపులో టంకం పెట్టడం నేర్చుకుంది. పెళ్లయి నాచారం వచ్చింది. కొన్నేళ్లు ట్రాన్స్‌ఫార్మర్లకు తీగ చుట్టింది. తర్వాత పారిశ్రామికవాడలో విశ్వనాథం షెడ్డులో చేరింది. అక్కడ మాట దాచే వైర్‌లెస్ సెట్లు తయారుచేస్తారు.

ఆ పని ఇలా ఉంటుంది. ప్రతి సెట్టులో అరచేతిలో సగముండే బోర్డు ఒకటి ఉంటుంది. కరెంటు ఇస్తే అది ఊగడం మొదలుపెడుతుంది. ఒకసారి నడిచిన దారిన మళ్లీ నడవదు. ఆ ఊపు చెవికి రేకుల మీద వానలా వినబడుతుంది. మాట్లాడేవాళ్ల గొంతును ఆ హోరులో కలిపి పంపుతారు. మధ్యలో పట్టుకున్నవాడికి హోరే దొరుకుతుంది. అవతలి సెట్టులో అచ్చం అలాంటి బోర్డే ఉంటే, వచ్చిన హోరును వింటూ అది కూడా అవే అడుగులు వేస్తుంది. కాసేపటికి రెండూ కలిసి నడుస్తాయి. అప్పుడు అది తన హోరును వచ్చినదాంట్లోంచి తీసేస్తుంది. గొంతు మిగులుతుంది. రెండు బోర్డుల మధ్య వెంట్రుకంత తేడా ఉన్నా అడుగులు విడిపోతాయి. అప్పుడు మిగిలేది వాన.

ఆ వెంట్రుకంత తేడా ఒక చిన్న స్క్రూలో ఉంది. తారామణి పని ఆ స్క్రూ తిప్పడం. ఒక జతకు పెట్టిన చోటు ఇంకో జతకు పెట్టకూడదు. పెట్టాక దాని మీద నెయిల్ పాలిష్ చుక్క వేస్తుంది. చుక్క ఆరితే స్క్రూ కదలదు.

చేరిన రోజున విశ్వనాథం ఆమెను, కరెంటు ఊపును గీతగా చూపే స్కోపు ముందు కూర్చోబెట్టాడు. ఆయన గుడివాడ దగ్గరి మనిషి, పెద్ద ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో పనిచేసి రిటైరైనవాడు. పచ్చటి తెర మీద ఒక గీత తిరుగుతూ ఉంది. ఎడమవైపు కొన్ని చుట్లు చుట్టి, కుడివైపు దూకి, అక్కడ చుట్టి, మళ్లీ ఇటు వచ్చింది.

"దీన్ని మన షెడ్డులో కళ్లజోడు అంటారమ్మా. రెండు అద్దాలూ కనబడితే బోర్డు బాగున్నట్టు. తర్వాత స్క్రూ ఎక్కడ ఆపుతావో నీ ఇష్టం. నాకూ చెప్పకు."

"మీకు గూడ చెప్పొద్దా సార్?"

"నాకు తెలిస్తే నన్ను అడుగుతారు. కంప్యూటర్ని అంకె చెప్పమంటే అది ఏదో లెక్క ప్రకారం చెబుతుంది. ఆ లెక్క తెలిసినవాడు పట్టేస్తాడు. మనిషి ఇష్టానికి లెక్క ఏముంది? చెయ్యి ఎక్కడ ఆగమంటే అక్కడ ఆపు."

అలాగే ఆపింది. తన మీద అంత భారం పెట్టినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. స్క్రూ తిప్పేటప్పుడు తెర వైపు కాస్త సిగ్గుగా చూసేది.

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం ఆమె కొత్త జత ఒకటి పరీక్షకు తీసింది. ఘట్‌కేసర్ వైపు ప్లాట్ల వ్యాపారం చేసే గిరిప్రసాద్ అనే ఆయన అడిగినవి. ఆయన కాపలావాళ్ల కోసం ఇంతకుముందే ఆ షెడ్డు నుంచి కొన్ని జతలు పోయాయి. పరీక్షలో మొదటి మెట్టు, జతలో ఒక్క సెట్టునే ఆన్ చేసి, ఛానెళ్లు ఒక్కొక్కటే తిప్పుతూ వినడం. రెండోది ఆపి ఉంటుంది కాబట్టి హోరు తప్ప ఏమీ వినబడకూడదు.

వాన వినబడింది. తర్వాత వాన చీలింది.

"ఉప్పల్ చౌరస్తా దాటిన అమ్మా. మందులు దొరికినయి."

తారామణి రెండో సెట్టు వైపు చూసింది. దాని బ్యాటరీ బల్ల మీద విడిగా ఉంది.

"కామాక్షికి జ్వరం తగ్గిందిలే" అంది ఇంకో గొంతు, పెద్దావిడది. "రేపు కోర్టుకు రాగలనంటోంది. తెల్లారకముందే బయల్దేరదీయాలి. ఏ దారిన తీసుకెళ్తావ్?"

"రింగురోడ్డు మీదికెంచే పోతా సుశీలమ్మా. పొద్దుగాల ఖాళీగుంటది."

మొదటి గొంతు తారామణికి తెలుసు. అది గౌతమిది. రెండు నెలల కింద సెట్లు తీసుకుపోవడానికి షెడ్డుకు వచ్చింది. దెబ్బలు తిని ఇల్లు వదిలిన ఆడవాళ్లను దాచే ఆశ్రయం ఒకటి ఉప్పల్‌లో ఎక్కడో ఉంది. చిరునామా ఎవరికీ ఇవ్వరు. గౌతమి దాని బండి నడుపుతుంది. బండి మీద ఎక్కడా లేని ఒక టిఫిన్ సెంటర్ పేరు రాసి ఉంటుంది. ఫోనుంటే మొగుళ్లు ఎక్కడున్నారో పట్టేస్తున్నారని బండిలో ఫోన్లు పెట్టరు. అందుకే ఈ సెట్లు కొన్నారు. ఆ రోజు టీ తాగుతూ గౌతమి చెప్పింది, "ఇప్పుడు మా దగ్గర ఒకామె ఉంది అక్కా. మొగడు ఘట్‌కేసర్ దిక్కు ప్లాట్ల దందా. జీపులున్నయి, మనుషులున్నరు. కోర్టుల నోరు తెరిస్తే సంపుతా అన్నడట." పేరు చెప్పలేదు. తారామణి అడగలేదు.

ఇప్పుడు పేరు తెలిసింది.

హెడ్‌ఫోనులో టక్‌మని చిన్న చప్పుడు. ఎవరో బటను నొక్కి వదిలిన చప్పుడు.

"ఎవరది?" అంది గౌతమి.

జవాబు లేదు.

"నువ్వు నొక్కినవా అమ్మా?"

"లేదే. నేను ముట్టుకోనే లేదు."

"ఏదో కరెంటు గడబిడ. వస్తున్న."

మళ్లీ వాన.

తారామణి చేతులు బల్ల కిందికి తీసుకుంది. తన వేలు బటను మీద లేదు. ఆశ్రయంలో ఉన్నది ఒక్క జత. ఆ చప్పుడు మూడో సెట్టుది.

కాసేపటికి లేచి అలమర తెరిచింది. రిపేరుకు వచ్చిన పాత సెట్లు ఉన్నాయి. ఒకటి తీసి ఆన్ చేసింది, ఇంకొకటి ఆన్ చేసింది. వేర్వేరు వాళ్లవి, వేర్వేరు నెలల్లో చేసినవి. వాటిని ఆశ్రయం వాళ్ల ఛానెల్‌కు తిప్పి కూర్చుంది. గౌతమి బండి చేరినట్టు చెప్పినప్పుడు అన్నిటిలోంచీ ఒకే గొంతు వచ్చింది.

అప్పుడు ఒక్కొక్క బోర్డునూ స్కోపుకు తగిలించి చూసింది. ప్రతిదాంట్లో కళ్లజోడు అందంగా ఉంది. ఎడమ అద్దం ఎంతో, కుడి అద్దం అంత.

ఆమె ఎన్నడూ ఒక అద్దం పెద్దదిగా, ఒకటి చిన్నదిగా వదల్లేదు. అలా వదిలితే మెల్లకన్నులా ఉండేది. రెండూ సమానమయ్యేదాకా తిప్పేది, అక్కడ చెయ్యి దానంతట అదే ఆగేది. అదే తన ఇష్టమనుకుంది. చేరిన నాటినుంచి ఆమె వేసిన తాళాలన్నీ ఒకే తాళం. షెడ్డు నుంచి పోయిన ప్రతి సెట్టూ ప్రతి సెట్టునూ వింటుంది.

చిన్నప్పటి తలుపు దగ్గర నిలబడినట్టు ఊపిరి ఆగింది.

విశ్వనాథం ఆమె చెప్పింది రెండుసార్లు విన్నాడు. స్కోపు ముందు కూర్చుని తనూ చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"సమానంగా ఉంచమని నేను చెప్పలేదు కదమ్మా."

"చెప్పలేదు సార్. వంకరగుంటే బాగుండదనిపిచ్చింది."

ఆయన తెర మీది గీతను మళ్లీ చూశాడు. "నాకూ బాగుండదనే అనిపించేది" అన్నాడు చివరికి.

"ఆ గిరిప్రసాద్, గౌతమి చెప్పినాయన ఒక్కరేనా సార్?"

"ఎలా తెలుస్తుంది? ఘట్‌కేసర్ వైపు ప్లాట్లమ్మేవాళ్లు కొల్లలు. ఇద్దరూ ఒకరు కాకపోవచ్చు. ఆ చప్పుడు ఏ వాచ్‌మన్‌దో కావచ్చు, నిద్రమత్తులో నొక్కి ఉంటాడు."

"అయి ఉండొచ్చు గూడ."

"అయి ఉండొచ్చు."

ఆశ్రయం వాళ్ల నంబరు ఒకటి ఆయన దగ్గర ఉంది. చేశాడు. ఎవరో మగమనిషి ఎత్తి, ఆఫీసు మూసేశారు, మేడమ్ రేపు పదింటికి వస్తారు అన్నాడు. చెప్పాల్సిందేమన్నా ఉందా అని అడిగాడు. విశ్వనాథం ఫోను చెవికి దూరంగా పెట్టి తారామణి వైపు చూశాడు. ఏమీ లేదని చెప్పి పెట్టేశాడు.

"ఎందుకు చెప్పలే సార్?"

"ఎవరికని చెప్పను? వాడెవడో నాకు తెలుసా? సెట్లు పనికిరావని ఒకడికి చెబితే, వాడు ఇంకెవడికి చెబుతాడో."

"పోలీసోళ్లకు?"

"ఆ మనిషికి ఠాణాలో ఎవరూ లేరని నువ్వు చెప్పగలవా?"

ఎవరినీ నమ్మకూడదని నేర్పే పని అది. ఇద్దరూ బాగా నేర్చుకున్నారు.

తారామణి బల్ల మీది సెట్టు వైపు చూసింది. బటను నొక్కి గౌతమితో మాట్లాడవచ్చు. ఇప్పుడే, ఇక్కడినుంచే. నొక్కితే ఆ మూడో మనిషి కూడా వింటాడు. తాళం ఒకటేనని అతనికి ఇంకా తెలియకపోతే తెలిసిపోతుంది. కామాక్షి ఏ దారిన వస్తుందో ఇప్పటికే విని ఉంటే, ఇప్పుడు మార్చే దారి కూడా వింటాడు.

"పదింటికి నేనే వెళ్లి చెబుతాను" అన్నాడు విశ్వనాథం.

"తెల్లారకముందే పోతరట సార్."

ఆయన లేచాడు. గిరిప్రసాద్‌కు పోవాల్సిన జతను అలమరలో పెట్టి తాళం వేశాడు. ఆయన చెయ్యగలిగింది అదే అనిపించింది.

ఇంట్లో ఆమె అన్నం పెట్టి, కూర పెట్టడం మరిచిపోయింది. రామస్వామి నీళ్లు కలుపుకుని ఉప్పు వేసుకున్నాడు. గోదాములో సరుకు ఎత్తించే పని అతనిది, మాట మెత్తన.

"ఏంది, కుక్క వెంబడించిందా?"

చెప్పింది. చెబుతున్నంతసేపూ గొంతు తగ్గించింది. కిటికీ మూసే ఉంది.

"పొద్దుగాల రింగురోడ్డు కాడ నిలబడి బండి ఆపుతా" అంది చివరికి.

"నువ్వా?" రామస్వామి ముద్ద పట్టుకుని అలాగే ఉన్నాడు. "కుక్కను జూసి గల్లీ మారుస్తవ్. బండికి అడ్డం పోతవా?"

"ఇంకెవలు పోతరు?"

"నేనొస్త తియ్యి."

"నువ్వొస్తే గౌతమి ఆపది. మొగోడు చెయ్యెత్తితే ఇంక జోరుగ గుద్దుకుంట పోతది. వాళ్లకు గట్లనే చెప్పిన్రట."

అతను ఆలోచించాడు. "వాళ్ల మనుషులుంటే?"

"ఉండొచ్చు."

"నిన్ను గుర్తువడితే?"

ఆమె అతని గ్లాసులో నీళ్లు పోసింది. అతను ముద్ద నోట్లో పెట్టుకుని, "కూరేది?" అన్నాడు. అప్పుడు ఇద్దరూ కూర గిన్నె వైపు చూశారు.

ఆ రాత్రి ఆమె నిద్రపోలేదు. రేకుల మీద వాన పడింది. అందులో ఏ గొంతూ లేదు, అయినా వెతికింది.

తెల్లవారుజామున రామస్వామి ఆమెను స్కూటర్ మీద ఉప్పల్‌లో దించి, మెట్రో స్తంభాల అవతలికి పోయి నిలబడ్డాడు. చినుకులు పడుతున్నాయి. నాచారం నుంచి వచ్చే బస్సులు దీపాలతో వచ్చి మలుపు తిరుగుతున్నాయి. తారామణి కొంగు తల మీదికి లాక్కుని రింగురోడ్డు మొదట్లో నిలబడింది.

టీ బండి పక్కన ఒక జీపు ఆగి ఉంది. లోపల ఇద్దరు. ఒకడి చేతిలో నల్లటిది ఏదో ఉంది. ఫోనో, సెట్టో. ఆమె తయారుచేసిన సెట్లు నల్లగానే ఉంటాయి. కళ్లు చిట్లించి చూసింది. వాడు అటు తిరిగి దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. వాడు తన భార్యతో మాట్లాడుతుండవచ్చు. చలికి టీ కోసం ఆగి ఉండవచ్చు. ఆమె ఇంటికి పోదామనుకుంది. పోదామని ఒక అడుగు వేసింది కూడా.

అప్పుడు టిఫిన్ సెంటర్ పేరున్న బండి వచ్చింది.

ఆమె రోడ్డు మీదికి దిగింది. చెయ్యి ఎత్తాలనుకుంది, చెయ్యి లేవలేదు. అలాగే నిలబడింది. బండి కీచుమని ఆమె కొంగుకు తగిలేంత దగ్గర ఆగింది.

"సావనీకి నా బండే దొరికిందా!" గౌతమి కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఏయ్, నువ్వా అక్కా?"

తారామణి కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి డాష్‌బోర్డు మీద ఉన్న సెట్టు అందుకుంది. వెనక మూత జరిపి బ్యాటరీ ఊడదీసింది. అది ఒకసారి వేళ్లలోంచి జారింది.

"దీన్ల మాట్లాడకు. ఎవలన్న వినొచ్చు. నా తప్పు."

"ఎవలు వింటున్నరు?"

"తెల్వది."

"తెల్వకుండనే బండి కింద పడ్డవా?"

"నిన్న ఎవడో నొక్కిండు. నువ్వు ఎవరది అన్నవ్. నేనిన్న."

గౌతమి మొహంలో నవ్వు పోయింది. అద్దంలో వెనకకు చూసింది. జీపు కదలలేదు. వెనక సీటులో ఒక మనిషి దుప్పటి కప్పుకుని కిందికి వంగి కూర్చుంది.

"రామంతాపూర్ లోపలికెంచి పోతా" అంది గౌతమి. "కానీ సుశీలమ్మ సెట్టు పట్టుకుని కూసుంటది. నేను పలకకపోతే పరేషానయి పిలుస్తనే ఉంటది. ఎటు పోయినవు, కోర్టు ఏ గేటు కాడ దించుతవు అని అన్నీ అడుగుతది. పైకే అడుగుతది."

"ఇల్లు యాడుందో చెప్పు. నేను పోయి చెప్త."

గౌతమి స్టీరింగు గట్టిగా పట్టుకుంది. "చెప్పొద్దు అక్కా. ఎవ్వలకు చెప్పొద్దు. అది మా ఒట్టు."

వెనకనుంచి హారన్లు మొదలయ్యాయి. టీ బండి దగ్గర ఒకతను ఇటు తిరిగి చూస్తున్నాడు.

దుప్పటి కదిలింది. కామాక్షి లేచి వెనక కిటికీ అద్దం కొంచెం దించింది. జ్వరం దిగిన మనిషి మొహం, పెదాలు పగిలి ఉన్నాయి. ఆమె తారామణిని పాదాల నుంచి తల దాకా చూసింది. వణుకుతున్న చేతులను చూసింది.

"ఈమె నాకంటే ఎక్కువ భయపడుతోంది" అంది గౌతమితో. "ఇలా రా అక్కా."

తారామణి వంగింది. కామాక్షి గల్లీ పేరు, ఇంటి గుర్తు ఆమె చెవిలో చెప్పింది. వేడి ఊపిరి తగిలింది. అద్దం పైకి లేచింది. బండి రింగురోడ్డు ఎక్కకుండా పక్క గల్లీలోకి తిరిగింది.

ఆ ఉదయం కామాక్షి కోర్టు చేరింది. చెప్పవలసింది చెప్పింది. అది తారామణికి కొన్ని రోజుల తర్వాత గౌతమి చెబితే తెలిసింది. జీపులో ఉన్నదెవరో, ఆ బటను నొక్కిందెవరో ఎవరికీ తెలియలేదు.

బండి కనుమరుగయ్యాక తారామణి నడిచింది. రామస్వామికి వెళ్లిపొమ్మని దూరంనుంచే చెయ్యి ఊపింది. అతనికి కూడా ఆ ఇల్లు తెలియకూడదు. తిన్నగా పోలేదు. కూరగాయల సంతలోకి పోయి వంకాయలు ఏరుతున్నట్టు నిలబడి, వెనక ఎవరైనా ఆగారేమో చూసింది. ఒక బడి వెనక గల్లీ పట్టింది. దాంట్లో కుక్కలు పడుకుని ఉన్నాయి, ఒకటి లేచి మొరిగింది. వేరే దారి ఆమెకు చెప్పలేదు. గోడకు ఆనుకుని, కళ్లు దించుకుని, వాటి మధ్యనుంచి దాటింది. చెప్పిన గుర్తు కనబడింది. ఆగకుండా ముందుకు పోయి, మలుపు దాకా నడిచి, ఎవరూ లేరని చూసుకుని వెనక్కి వచ్చింది.

తలుపు తట్టింది.

లోపల అడుగులు ఆగాయి. "ఎవరు?" అంది పెద్దావిడ గొంతు. దాని వెనక సన్నగా వాన హోరు వినబడుతూ ఉంది. సెట్టు తెరిచే ఉంది.

"తలుపు తియ్యకు సుశీలమ్మా" అంది తారామణి, తలుపు సందుకు నోరు ఆనించి. "ముందుగాల అది బంద్ జెయ్యి."

హోరు ఆగేదాకా ఆమె అక్కడే నిలబడింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది.